తల్లిని చూపిస్తారా?

కుక్కపిల్ల సర్టిఫికెట్ ఇంకా మా బీరువాలోనే ఉంది. పిల్ల లేదు. హైదరాబాద్‌లో ఒక పెట్రోల్ బంకు దగ్గర అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు, తొమ్మిదో రోజు పార్వోతో పోయింది. మూడు తరాల వంశవృక్షం మాత్రం మా ఇంట్లో ఎవరికీ లేనంత స్పష్టంగా ఉంది.

ఈ కాగితాల మోజు ఎక్కడిదా అని వెతికితే 1873 నాటి లండన్‌లో తేలాను. కెన్నెల్ క్లబ్ పుట్టింది అప్పుడే. ప్రదర్శనల్లో ఒకే పేరుతో బోలెడు కుక్కలు తిరుగుతుంటే, ఏది దేని సంతానమో తేల్చడానికి వంశాల పుస్తకం వేశారు. తల్లిని ఎలాంటి బోనులో ఉంచారో అందులో రాయలేదు. సందు అక్కడే దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా మిడ్‌వెస్ట్ రైతులు కోళ్ల గూళ్లలో కుక్కల్ని ఈనించి, పిల్లల్ని టోకున అమ్మారు. వాటికీ కాగితాలుండేవి!

మన దేశంలో 2017లో నిబంధనలొచ్చాయి. 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఏడాదికి ఒక్కసారే ఈనాలి, జీవితం మొత్తంలో 5 సార్లకు మించకూడదు. 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. చూడండి, దాదాపు అన్నీ తల్లి లెక్కలే. మంచి బ్రీడర్ ఇంటికి పిలుస్తాడు, తల్లిని చూపిస్తాడు, పైగా మనల్నే ప్రశ్నలతో విసిగిస్తాడు.

నన్ను ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు, ఫోన్లో డబ్బులు కొట్టారా అని తప్ప.