నిండిన కణం, తీరని ఆకలి: నీమన్-పిక్ సి వ్యాధి చికిత్సల చరిత్ర

దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం దశాబ్దాలుగా రైళ్ళలో భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చిన సంగతి జాముల్‌లో చదువుకునే మీకు తెలుసు. యార్డు గేటు తెరుచుకోలేదనుకోండి. యార్డు నిండా ఖనిజం ఉంటుంది, కొలిమి మాత్రం ఖాళీ. ఇంకా పంపమని గనికి కబురు వెళుతుంది! నీమన్-పిక్ సి అనే అరుదైన వంశపారంపర్య వ్యాధిలో కణం స్థితి ఇదే. లైసోజోమ్ అనే సంచిలోకి చేరిన కొలెస్టరాల్ బయటకు రాదు. కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. మెదడు కణాలు నశించి నడక, మాట, మింగడం క్రమంగా దెబ్బతింటాయి. సుమారు లక్ష జననాల్లో ఒకరికి ఇది వస్తుంది.

1914లో బెర్లిన్ వైద్యుడు ఆల్బర్ట్ నీమన్ ఈ కోవకు చెందిన వ్యాధిని మొదట వర్ణించాడు. 1920లలో లూడ్విగ్ పిక్ దాన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించాడు. లోపం కొలెస్టరాల్ రవాణాలో ఉందని 1980లలో అమెరికాలో పీటర్ పెంట్చెవ్ బృందం చూపింది. ముఖ్యమైన జన్యువు 1997లో, రెండవది 2000లో దొరికాయి.

మరి కొలెస్టరాల్ తగ్గించే మందులు చాలవా? వాటిని వాడి చూశారు. కాలేయంలో కొలెస్టరాల్ తగ్గినా మెదడుకు మేలు జరగలేదు. గేటు మూసి ఉండగా గనిని ఆపితే ఏం లాభం?

ఆ తర్వాత ఒక వింత జరిగింది. 2004లో ఒక హార్మోను ఇచ్చిన రోగగ్రస్త ఎలుకలు ఎక్కువకాలం బతికాయి. ఆ హార్మోను కరగడానికి సైక్లోడెక్స్ట్రిన్ అనే చక్కెర ఉంగరాన్ని కలిపారు. మేలు చేసింది ఆ ఉంగరమేనని 2009లో డల్లాస్ శాస్త్రజ్ఞులు తేల్చారు. వాహనమే మందయింది! కానీ అది రక్తం నుంచి మెదడుకు సరిగా చేరదు. అందుకే పిల్లలకు వెన్నులో సూదితో ఇచ్చారు. వినికిడి తగ్గడం దాని దుష్ఫలితం. పెద్ద ప్రయోగంలో స్పష్టమైన లాభం తేలలేదు.

ఐరోపాలో 2009లో మిగ్లుస్టాట్‌కు అనుమతి లభించింది. 2024 సెప్టెంబరులో అమెరికా అరిమోక్లోమోల్, లెవాసెటైల్‌ల్యూసిన్ మందులను ఆమోదించింది. ఇవి వ్యాధిని నయం చేయవు. ఒకటి దాని వేగాన్ని తగ్గిస్తుంది, మరొకటి నరాల లక్షణాలకు కొంత ఉపశమనమిస్తుంది.

తల్లిదండ్రులిద్దరూ లోపజన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికంలో ఇద్దరికీ అదే లోపజన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. మన దేశం 2021లో అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించింది. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అందుకు ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. గేటును తిరిగి తెరిచే మందు ఇంకా రాలేదు. ఆ పని మీ తరంలో ఎవరికోసమో ఎదురుచూస్తోంది.