పాలమూరు పల్లెల్లో క్రైస్తవ బాలల సాహిత్యం

తెలుగు పత్రికల చరిత్ర చెప్పేటప్పుడు 1835లో బళ్లారి క్రైస్తవ సంఘం వెలువరించిన ‘సత్యదూత’తో మొదలుపెట్టడం ఆనవాయితీ. అది పెద్దల పత్రిక. పిల్లల చేతికి అందే చిన్న కథల పుస్తకాలు, బడి వాచకాలు 1858లో ఏర్పడిన క్రిస్టియన్ వెర్నాక్యులర్ ఎడ్యుకేషన్ సొసైటీ వంటి సంస్థల చొరవతో దేశభాషల్లో విరివిగా వచ్చాయి.

పాలమూరులోని నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాలకు ఈ ఒరవడి ఆలస్యంగా చేరింది. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో పండితులకు ఆదరణ దొరికినా, దళితవాడల పిల్లలకు చదువు దక్కలేదు. అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తిలలో స్థిరపడి బడులు, హాస్టళ్లు పెట్టారు. గద్వాల 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి వారి చేతికి వచ్చింది. మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల మాసపత్రిక ‘సువార్తమణి’ చదవడం వచ్చిన పెద్దలకే పనికొచ్చింది.

అందువల్ల ఇక్కడ పిల్లలకు అసలైన పత్రిక బొమ్మే అయింది. తెలుగు మిషన్ బడులకు విదేశీ సంఘాలు తాము వాడేసిన సండే స్కూలు కార్డులు, గోడకు వేలాడదీసే పెద్ద చిత్రపటాలు పంపేవి. అరచేతిలో పట్టే కార్డు మీద ఒకవైపు రంగుల్లో నోవహు ఓడో, గొర్రెల కాపరో. వెనక అర్థంకాని ఇంగ్లీషు. టీచరు పటం చూపిస్తూ తెలుగులో కథ చెబితే, పిల్లలు కంఠత వాక్యం అప్పజెప్పి కార్డు గెలుచుకునేవారు. ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ 1866లో వాడిన మూడు రంగుల ‘మాటల్లేని పుస్తకం’ తర్వాత బంగారు, ఆకుపచ్చ పుటలు చేర్చుకుని ప్రపంచమంతా తిరిగింది. ఒక్క అక్షరం లేని ఆ పుస్తకం చదువురాని ఊళ్ల అవసరాన్ని ఎంతో చక్కగా గ్రహించింది.

పాట ఇంకా లోతుగా దిగింది. వేసవి సెలవుల్లో జరిగే వెకేషన్ బైబిల్ స్కూళ్లలో (వీబీఎస్) చేతులాడిస్తూ పాడే యాక్షన్ సాంగ్స్, ఫ్లానెల్ బోర్డు మీద అంటించే బొమ్మలు, రంగులు వేసే పాఠ్యపుస్తకాలు కలిసి ఆ కొద్దిరోజులకు ఒక సంపూర్ణ మాధ్యమంగా పనిచేశాయి. ఈ వ్యాప్తిలో పెద్ద వాటా జీతమెరుగని సంఘ యువతీ యువకులది. చరిత్ర రాసేవారు వారిని మరిచిపోవడం అన్యాయం.

ఆ తర్వాత మార్పులు వేగం పుంజుకున్నాయి. 1970లో సీషెల్స్ నుంచి మొదలైన క్రైస్తవ ప్రసార కేంద్రం ఫీబా రేడియో భారతీయ భాషల్లో కార్యక్రమాలు వినిపించింది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాను 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లతో ఊరూరా తెర కట్టి చూపించారు. పిల్లలకు బైబిలు కథ కదిలే బొమ్మగా పరిచయమైంది అలాంటి తెరల మీదే. 1981లో జపాన్‌లో మొదలైన ‘సూపర్‌బుక్’ కార్టూన్లు ఇప్పుడు తెలుగు డబ్బింగుతో సెల్‌ఫోన్లోకి వచ్చాయి.

అయితే ఈ కార్టూన్లలోగానీ, అచ్చు పుస్తకాల్లోగానీ వినిపించేది పాలమూరు మాట కాదు. 2011 జనగణన లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యత యాభై శాతానికి కాస్త తక్కువ. ఇలాంటిచోట పుస్తకంలోని కథను ముందుగా చదివి, పిల్లల ఇంటిభాషలో మళ్లీ చెప్పే సండే స్కూలు టీచరు పని తీరిపోలేదు.