కుక్కల మధుమేహం: ఇంట్లో షుగరు పరీక్ష

మధుమేహం వచ్చిన కుక్క రక్తంలో గ్లూకోజు ఎంతుందో పెంచుకునేవారే ఇంట్లో చూసుకునే పద్ధతి ఇది. చెవి అంచునో పెదవి లోపలో సూదితో గుచ్చి, వచ్చిన చిన్న బొట్టును గ్లూకోమీటరు స్ట్రిప్పుకు తాకించడం ఇందులో పాతది. చర్మానికి అంటించే సెన్సరు ఆ తర్వాత వచ్చింది. వేస్తున్న ఇన్సులిన్ సరిపోతోందో లేదో పశువైద్యుడికి తెలియజెప్పడం ఈ పరీక్ష వల్ల ఒక ప్రయోజనం. షుగరు ప్రమాదకరంగా పడిపోతుంటే వెంటనే పట్టుకోవడం మరొకటి, అసలు ముఖ్యమైనది. షుగరు కొన్నాళ్లు ఎక్కువగా ఉన్నా కుక్క తట్టుకుంటుంది. బాగా పడిపోతే మాత్రం గంటల్లోనే ప్రాణం మీదకు రావచ్చు.

జబ్బు తీరు

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎక్కువగా కనిపించే షుగరు వేరు, కుక్కలకు వచ్చేది వేరు. కుక్కల్లో సాధారణంగా క్లోమంలోని బీటా కణాలే దెబ్బతిని ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. అందుకే మాత్రలతో పని జరగదు. చాలా కుక్కలకు పన్నెండు గంటలకొకసారి చొప్పున జీవితాంతం ఇంజెక్షన్ వేయాల్సిందే. ఇది ఎక్కువగా నడివయసు దాటిన కుక్కలకు వస్తుంది. సమోయెడ్, మినియేచర్ ష్నాజర్, ఆస్ట్రేలియన్ టెర్రియర్ జాతుల్లో ఎక్కువ; జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్‌లలో తక్కువ. గర్భాశయం, అండాశయాలు తీయించని ఆడకుక్కలకు ముప్పు మరింత ఎక్కువ. ఎద ముగిశాక వారాల తరబడి ప్రొజెస్టెరాన్ హార్మోను ఎక్కువగా ఉండి, పొదుగు కణజాలం నుంచి గ్రోత్ హార్మోను విడుదలయ్యేలా చేస్తుంది. అది ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు.

ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. (ఇకపై ఇచ్చే అంకెలన్నీ ఇదే కొలమానంలోవి.) అది 180–220 దాటితే మూత్రపిండాలు ఆపలేక చక్కెరను మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర తన వెంట నీటిని లాక్కుపోతుంది కాబట్టి కుక్క పదేపదే మూత్రం పోస్తుంది, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంది, బాగా తింటూనే చిక్కిపోతుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లకు మించి తాగుతుంటే అనుమానించాలి. అంటే పది కిలోల కుక్క లీటరు దాటి తాగుతున్నట్టు. కంట్లో శుక్లాలు రావడం కుక్కల మధుమేహంలో చాలా మామూలు. కంటి కటకంలో గ్లూకోజు సార్బిటాల్‌గా మారి నీటిని పీల్చుకోవడం వల్ల కటకం తెల్లబడిపోతుంది. ఇంజెక్షన్లు సక్రమంగా వేస్తున్న ఇళ్లలో కూడా ఏడాదిలోపు చూపు పోయిన కుక్కలు ఎన్నో ఉంటాయి. అది పెంచేవారి నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం.

క్లోమానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం లోకానికి తెలిసిందే కుక్క ద్వారా. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే పరిశోధకులు ఒక కుక్క క్లోమాన్ని తీసేసి చూస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం నుంచి తీసిన సారంతోనే ఇన్సులిన్‌కు దారి వేశారు. మరుసటి ఏడాది జనవరిలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్ ఆ మందు అందుకున్న తొలి రోగి అయ్యాడు. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ అమైనో ఆమ్లాల వరుసలో అచ్చం ఒకటే. కుక్కలకు పంది ఇన్సులిన్‌తో తయారైన మందు వాడటానికి ఇదొక కారణం.

బొట్టు తీయడం

బొట్టు తీసే చోటు కుక్కను బట్టి ఉంటుంది. నిలువు చెవుల కుక్కలకు చెవి అంచు బాగుంటుంది. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కలకు మోచేతి దగ్గర కాయ కాసిన గట్టి చర్మం నొప్పి తెలియని చోటు. పై పెదవిని తిప్పి లోపలి వైపు గుచ్చడాన్ని చాలా కుక్కలు పట్టించుకోవు, కాకపోతే ఉమ్మి కలిస్తే అంకె తప్పుతుంది. ముందరి కాలి వెనక, నేలకు ఆనకుండా పైన ఉండే మెత్త కూడా పనికొస్తుంది. నడిచే అరికాలి మెత్తలను గుచ్చకూడదు.

చెవి దగ్గర చేసే పని ఇలా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెవికి ఒక నిమిషం పట్టిస్తే రక్తనాళాలు ఉబ్బుతాయి. తడి పూర్తిగా తుడవాలి. వెంట్రుకలు తక్కువగా ఉన్న చోట, అంచున పోయే సన్నని నాళం పక్కన, కొంచెం వాజలీన్ రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకకుండా గుండ్రంగా పూసలా నిలబడుతుంది. చెవి వెనక మడిచిన దూది పెట్టి, వేలితో ఆనించి గుచ్చాలి. దూది లేకపోతే సూది చెవిలోంచి దూసుకొచ్చి మన వేలికే దిగుతుంది. మీటరులో స్ట్రిప్పు ముందే పెట్టి ఉంచి, దాని అంచును బొట్టుకు తాకిస్తే రక్తాన్ని అదే లాక్కుంటుంది. స్ట్రిప్పు మీద రక్తం రుద్దితే ఫలితం చెడుతుంది. తర్వాత దూదిని అరనిమిషం అదిమి పట్టాలి. మొదటి వారం కుక్కకన్నా మనిషి చెయ్యే ఎక్కువ వణుకుతుంది. అందుకే మొదట్లో మీటరు తీయకుండా, రోజూ ఒకే చోట కూర్చోబెట్టి చెవి నిమిరి, షుగరు పెంచని చిన్న ముక్క ఏదైనా పెట్టి అలవాటు చేయమని వైద్యులు చెబుతారు. ఉడికించిన చికెన్ ముక్క అందుకు సరిపోతుంది.

మనుషుల మీటరు పనికొస్తుందా

తాతగారి గ్లూకోమీటరు ఇంట్లోనే ఉన్నప్పుడు దానితో చూస్తే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చూడవచ్చు గానీ, అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. రక్తంలోని గ్లూకోజు మనుషుల్లో దాదాపు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాల్లో ఉంటుంది. కుక్కల్లో ప్లాస్మాలోనే సుమారు 87.5 శాతం. మనుషుల లెక్కకు తయారైన మీటరు కుక్క రక్తంలో ఉన్న గ్లూకోజును ఎక్కువసార్లు తక్కువ చేసి చూపేది అందుకే. అసలు 100 ఉంటే 75 చూపవచ్చు. అన్ని మీటర్లూ ఒకే మేరకు తగ్గించవు, కొన్ని ఎక్కువ చేసి కూడా చూపుతాయి. కాబట్టి ఫలానా అంకె కలుపుకుంటే చాలు అనే సూత్రం లేదు. రక్తహీనత ఉన్న కుక్కలో మీటరు ఎక్కువ చూపుతుంది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే తక్కువ చూపుతుంది.

పశువుల కోసమే తయారైన ఆల్ఫాట్రాక్ వంటి మీటర్లలో కుక్కకు, పిల్లికి వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. కోడ్ తప్పితే ఫలితమూ తప్పుతుంది. వీటి స్ట్రిప్పుల ఖర్చు ఎక్కువే. మనుషుల మీటరే దిక్కైతే, ఆసుపత్రిలో రక్తం తీసిన రోజునే అదే రక్తాన్ని మీటరుతోనూ చూసి తేడా రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత మీటరు మార్చకూడదు.

పన్నెండు గంటల గ్రాఫు

ఉదయం ఇంజెక్షన్‌కు ముందు ఒకసారి చూసి ఎక్కువగా ఉందని మోతాదు పెంచడం ఈ చికిత్సలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. ఒక్క అంకె చెప్పేది ఆ క్షణం సంగతే. అందుకే ఆహారం, ఇన్సులిన్ ఇచ్చే సమయం నుంచి మళ్లీ ఇచ్చే సమయం దాకా రెండు గంటలకొకసారి చూసి గ్రాఫు గీస్తారు. అంకె 150 కంటే దిగితే గంటకొకసారి చూస్తారు.

ఉదాహరణకు ఒక కుక్కకు ఉదయం 7 గంటలకు 310, తొమ్మిదికి 240, పదకొండుకు 165, మధ్యాహ్నం ఒంటిగంటకు 112, మూడింటికి 150, అయిదింటికి 215, రాత్రి ఏడింటికి 290 వచ్చాయనుకుందాం. పొద్దున, రాత్రి మాత్రమే చూసినవారికి కనిపించేవి 310, 290. మోతాదు చాలడం లేదని వాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఇన్సులిన్ చక్కగా పనిచేస్తోంది. మధ్యాహ్నం తాకిన అట్టడుగు అంకె 112. ఆ అట్టడుగు 80కీ 150కీ మధ్య ఉండటమే కోరుకునేది. ఇక్కడ నాలుగు యూనిట్లు పెంచితే ఒంటిగంటకు కుక్క కింద పడిపోవచ్చు. మధుమేహమున్న కుక్క షుగరును ఆరోగ్యంగా ఉన్నదాని స్థాయిలో రోజంతా నిలపాలన్న పట్టుదలే వద్దు.

ఇదే గ్రాఫు ఆసుపత్రిలోనూ తీస్తారు. కాని అక్కడ కుక్క తిండి ముట్టదు, పక్క బోనులో కుక్కలు అరుస్తుంటాయి. ఆ కంగారుకే షుగరు పెరుగుతుంది. ఇంట్లో తన గిన్నెలో తిని, తన మూల పడుకున్న రోజు గ్రాఫు నిజానికి దగ్గరగా ఉంటుంది. అయినా ఒకే కుక్కకు, ఒకే తిండితో, ఒకే మోతాదుతో వరుసగా రెండు రోజులు తీస్తే రెండు గ్రాఫులు సరిపోలవు. మోతాదు మార్చాక కుదురుకోవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. రోజుకొక మార్పు చేస్తే దేని ఫలితం ఏదో ఎవరికీ అంతు చిక్కదు. షుగరు బాగా పడినప్పుడు శరీరమే అడ్రినలిన్, గ్లూకగాన్ హార్మోన్లను విడుదల చేసి దాన్ని పైకి ఎగదోస్తుంది. ఆ పెరుగుదలను చూసి ఇన్సులిన్ పెంచితే మళ్లీ పతనమే.

గ్రాఫు తీసే రోజున ఇంటికొచ్చినవారు ముద్దుగా వేసే బిస్కెట్టు, పిల్లలు కంచంలోంచి జారవిడిచే పెరుగన్నం ముద్ద లెక్కను చెడగొడతాయి. వాటిని ఆపలేకపోతే కనీసం రాసిపెట్టాలి. అంకెల పక్కన తాగిన నీళ్లు, వారం వారం బరువు, ఆకలి కూడా రాయాలి. బరువు నిలకడగా ఉండి, నీళ్లు మామూలుగా తాగుతూ, హుషారుగా తిరిగే కుక్క విషయంలో అంకెలు కాస్త ఎక్కువగా ఉన్నా వైద్యులు తొందరపడరు.

సెన్సరు, మూత్రపు స్ట్రిప్పులు

మనుషుల కోసం వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సరును కుక్కలకూ వాడుతున్నారు. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయ పశువైద్యులు మధుమేహమున్న కుక్కల్లో దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. మెడ మీదో పక్కటెముకల దగ్గరో వెంట్రుకలు గొరిగి అంటిస్తారు. అది రక్తాన్ని కాకుండా చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని కొలుస్తుంది కాబట్టి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. మొదటి తరం సెన్సరు పదిహేను నిమిషాలకొకసారి కొలత తీసి, ఎనిమిది గంటల సమాచారం మాత్రమే దాచుకుంటుంది. అంతలోపు ఫోనుతోనో రీడరుతోనో స్కాన్ చేయకపోతే పాతది చెరిగిపోతుంది. పద్నాలుగు రోజులు పనిచేయాల్సినదే అయినా గోక్కోవడం, దొర్లడం వల్ల ముందే ఊడిపోవడం మామూలు. రాత్రి మూడింటికి ఏం జరుగుతోందో సూది లేకుండా చూపించేది ఇదే. సెన్సరు తక్కువ చూపితే ఒకసారి రక్తపు బొట్టుతో సరిచూసుకోవాలి.

మూత్రంలో ముంచే స్ట్రిప్పులు చవక. గత కొన్ని గంటల్లో షుగరు హద్దు దాటిందా అన్నది వాటితో తెలుస్తుంది. కాని మూత్రంలో చక్కెర లేదంటే రక్తంలో 150 ఉండవచ్చు, 45 కూడా ఉండవచ్చు. మోతాదు నిర్ణయానికి అవి పనికిరావు. వాటి అసలు ఉపయోగం కీటోన్లను, అంటే ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలను, పట్టుకోవడం. కీటోన్లు కనిపించి, కుక్క తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

షుగరు పడిపోతే

60 కంటే తక్కువైతే ప్రమాదం. కుక్క నీరసపడుతుంది, తూలుతుంది, వణుకుతుంది, బిత్తరచూపులు చూస్తుంది. ఆ తర్వాత మూర్ఛ. స్పృహ ఉంటే వెంటనే తిండి పెట్టాలి. లేకపోతే తేనెనో, నీళ్లలో కలిపిన గ్లూకోజు పొడినో వేలితో చిగుళ్లకు రాసి ఆసుపత్రికి బయలుదేరాలి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉన్నప్పుడు పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. లక్షణాలు కనిపిస్తుంటే మీటరు కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. షుగరు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంచుకునే చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే అది కుక్కకు విషం. ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి షుగరును పడగొడుతుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది.

కుక్క తినకపోతే పూర్తి మోతాదు వేయరాదు. ఎంత తగ్గించాలో వైద్యుణ్ని ముందే అడిగి ఫ్రిజ్ మీద అంటించుకోవడం మేలు.

సిరంజి దగ్గర జరిగే పొరపాటు మీటరు పట్టుకోలేనంత వేగంగా ముంచుతుంది. మన దేశంలో సీసాల్లో అమ్మే మనుషుల ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్ కాట్రిడ్జ్‌లలోది 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ రంగు మూతది 100కి. వంద యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా తీస్తే కుక్క ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. స్ట్రిప్పులను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మే నెల ఎండలో కారులోనూ వదలకూడదు. డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉంచాలి.

ఎద తర్వాత మధుమేహం బయటపడిన ఆడకుక్కలకు గర్భాశయం, అండాశయాలు తీసే ఆపరేషన్ త్వరగా చేయిస్తే కొన్నిటికి జబ్బు వెనక్కు పోతుంది. అలాంటి కుక్కకు ఆపరేషన్ అయ్యాక ఇన్సులిన్ అవసరం రోజుల్లోనే తగ్గిపోవచ్చు. పాత మోతాదే కొనసాగిస్తే షుగరు పడిపోతుంది కాబట్టి ఆపరేషన్ తర్వాతి వారాల్లో ప్రతి ఇంజెక్షన్‌కు ముందు పరీక్ష చేసి, అంకె తగ్గుతూ వస్తే ఇంజెక్షన్ వేయకముందే వైద్యుడికి ఫోన్ చేయాలి.