స్టాగ్‌హౌండ్‌కి ఏ రంగు వేయాలి?

ఆఫీసులో ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన పాత కోడ్‌తో రోజంతా కుస్తీ పట్టాక, రాత్రిపూట పాత యుద్ధవాహనాలు బాగుచేసే వీడియోలు చూడటం నాకు అలవాటు. ఊరికే చూస్తాను. స్పానర్ పట్టడం కూడా సరిగా రాదు. కానీ తుప్పు పట్టిన ఇనుప పెంకులోంచి మెల్లగా ఒక బండి బయటికి రావడం చూస్తుంటే ఏదో తృప్తి. అలా చూస్తూ చూస్తూ ఒక బండి దగ్గర ఆగిపోయాను. దాని పేరు స్టాగ్‌హౌండ్. అమెరికాలో పుట్టిన ఈ ఆర్మర్డ్ కారుకి మన కోదాడ రోడ్డుతో సంబంధం ఉందని తెలిసినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు.

ముందు బండి సంగతి. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కోసం కార్లు తయారుచేయడం ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ యుద్ధం పనిలో పడ్డాయి. అప్పుడు జనరల్ మోటార్స్ వారి షెవర్లే విభాగం తయారుచేసిన బండి ఇది. కాగితాల మీద పేరు టీ17ఈ1. దాదాపు 14 టన్నుల బరువు, నాలుగు చక్రాలు, అయిదుగురు మనుషులు, పైన తిరిగే టరెట్‌లో 37 మిల్లీమీటర్ల ఫిరంగి. ఇంత బరువు ఉండి కూడా మంచి రోడ్డు మీద గంటకి 80 కిలోమీటర్లు దాటి పరిగెత్తేది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ లేదు. ఉక్కు పెంకే దాని ఎముకల గూడు కూడా.

చిత్రమేమిటంటే, దీన్ని కన్న ఇంట్లోనే దీనికి చోటు దొరకలేదు. అమెరికా సైన్యం దీనికన్నా తేలికైన ఎం8 గ్రేహౌండ్ వైపు మొగ్గింది. స్టాగ్‌హౌండ్‌లు బ్రిటన్‌కి, కామన్‌వెల్త్ దేశాలకి వెళ్లాయి. స్టాగ్‌హౌండ్ అనే పేరు కూడా బ్రిటిష్ వాళ్లు పెట్టిందే. న్యూజిలాండ్ వాళ్లు ఇటలీలో వీటిని నడిపారు. కెనడా వాళ్లు వాయవ్య యూరప్‌లో నడిపారు. ఇటలీ పల్లెల ఇరుకు సందుల్లో ఇంత పెద్ద బండి తిప్పడం కష్టమయ్యేది. యుద్ధం అయిపోయాక ఎక్కడివక్కడ మిగిలిపోయాయి. కొన్ని వేరే సైన్యాలకి వెళ్లాయి, కొన్ని తుక్కు కింద పోయాయి.

ఇప్పుడు అలాంటి ఒక పెంకు ఎవరి షెడ్డులోకో చేరిందనుకోండి. మొదటి పని బోల్టులు విప్పడం. వినడానికి చిన్న పనే. డెబ్భై ఎనభై ఏళ్లుగా కదలని బోల్టు బలవంతం చేస్తే విరుగుతుంది. ఆయిల్ పోసి రాత్రంతా నానబెట్టాలి. గ్యాస్ మంటతో కాల్చాలి, చల్లారనివ్వాలి, మళ్లీ కాల్చాలి. మందపాటి కవచం ఎక్కడికీ పోదు. తుప్పు తినేది పల్చటి రేకునే: మడ్‌గార్డులు, సామాన్ల పెట్టెలు, పెట్రోలు ట్యాంకులు. గుడ్డ తొడుగు వేసిన పాత వైర్లు ముట్టుకుంటే పొడి అయిపోతాయి. వాటిని మొత్తం కొత్తగా వేయాల్సిందే.

అసలు తలనొప్పి ఇంజన్ల దగ్గర. ఒకటి కాదు, రెండు. ఒక్కోటి 97 హార్స్‌పవర్ ఇచ్చే ఆరు సిలిండర్ల జీఎంసీ ఇంజన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండిటి బలమూ ఒకేచోట కలిసి చక్రాలకి వెళుతుంది. ఒకటి పాడైతే దాన్ని ఆపేసి, బండి నడుస్తుండగానే రెండోదానితో లాక్కుపోవచ్చు. మా భాషలో చెప్పాలంటే ఒక సర్వర్ పడిపోయినా సైటు ఆగకూడదు, అంతే. కాకపోతే బాగుచేసేవాడికి ప్రతి పనీ రెండుసార్లు. పైగా రెండూ ఒకదానితో ఒకటి పోటీపడకుండా సమానంగా లాగేలా సర్దాలి.

అదృష్టం ఏమిటంటే ఇదే ఇంజన్‌ని అప్పటి జీఎంసీ సైనిక లారీలకీ వాడారు. ఆ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు ఇంకా దొరుకుతాయి. ఆ హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ కూడా యుద్ధానికి ముందే ఓల్డ్స్‌మొబీల్ కార్లలో వచ్చినది. దొరికినవాటితోనే కొత్తది కట్టారన్నమాట. ఇంకో అదృష్టం, అప్పటి సైన్యం అచ్చువేసిన మాన్యువళ్లు. ఏ నట్టు ఎంత బిగించాలో, ఏ నూనె ఎప్పుడు మార్చాలో, ఎప్పుడూ బండి ముఖం చూడని కుర్రాడికి కూడా అర్థమయ్యేలా బొమ్మలేసి చెప్పారు. మేం నిన్న రాసిన కోడ్‌కి మా దగ్గర అలాంటి కాగితం ఉండదు. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇదంతా ఓపిక, డబ్బు ఉంటే జరిగే పని. కష్టమైనది ఆఖర్న వస్తుంది: రంగు.

పెంకు మీద ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే రంగులు ఒక్కో పొరగా బయటపడతాయి. పైన చివరి యజమాని వేసిన రంగు. దాని కింద ఇంకో సైన్యం రంగు. ఇంకా కింద ఒక్కోసారి ఎఫ్ అక్షరంతో మొదలయ్యే బ్రిటిష్ నంబరు కనిపిస్తుంది. అడుగున ఫ్యాక్టరీ ఆకుపచ్చ. బాగుచేసేవాడు వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. అంటే ఒక తేదీని ఎంచుకోవాలి. ఆ తేదీకి ముందూ వెనకా జరిగినదంతా గీకి నేలమీద పారబోయాలి. చాలామంది 1944 ఇటలీనో, నార్మండీనో ఎంచుకుంటారు. గెలిచిన యుద్ధం కదా, ప్రదర్శనల్లో అదే బాగుంటుంది.

ఇక్కడే నాకు కోదాడ గుర్తొస్తుంది. పండక్కి విజయవాడ వెళ్లేటప్పుడు మేం టీ తాగే ఊరు. 1948 సెప్టెంబర్ 13 ఉదయం ఇదే రోడ్డు మీద భారత సైన్యం బెజవాడ వైపు నుంచి నిజాం రాజ్యంలోకి వచ్చింది. ఎదురు నిలిచినవాటిలో హైదరాబాద్ లాన్సర్స్ దళాలున్నాయి. వాళ్ల దగ్గర బ్రిటిష్ హంబర్ కార్లతో పాటు ఈ అమెరికా స్టాగ్‌హౌండ్‌లూ ఉన్నాయి. ఆపలేకపోయారు. మొదటిరోజే సైన్యం కోదాడ దాటి మునగాల చేరింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

ఇప్పుడు ఊహించండి. ఆ లాన్సర్స్ స్టాగ్‌హౌండ్ ఒకటి షెడ్డుకి వచ్చింది. ఏ రంగు వేస్తారు? నిజాం గుర్తులా? ఆ తర్వాత పట్టుకున్న సైన్యం గుర్తులా? లేక దాని జోలికి పోకుండా ఫ్యాక్టరీ ఆకుపచ్చ వేసి ఊరుకుంటారా?

మనం తేదీకే ఇంకా పేరు ఖాయం చేసుకోలేదు. సెప్టెంబర్ 17ని కొందరు విమోచన దినం అంటారు, కొందరు విలీనం అంటారు, ఇంకొందరు విద్రోహం అంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. అదే రోజు అదే నగరంలో కేంద్రం విమోచన దినం జరిపింది. 2024లో రాష్ట్రంలో వచ్చిన కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఒక్కో ప్రభుత్వం పాత రంగు మీద కొత్త రంగు వేస్తోంది. నల్లగొండ పల్లెల్లో అప్పటికే దొరల మీద తిరగబడి భూములు పంచుకున్న రైతుల లెక్క వేరే. రజాకార్లు పోయారని సంతోషించిన ఆ ఊళ్లలోకే సైన్యం వాళ్లని వెతుక్కుంటూ వచ్చింది. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. సైన్యం వచ్చాక మరాఠ్వాడా వైపు ముస్లింల మీద జరిగిన హత్యల గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందలేదు. ఆ పొరనీ గీకలేం.

బాగుచేసేవాళ్లలో ఇంకో బడి ఉంది. వాళ్లు ఇంజన్ నడిపిస్తారు, తుప్పు ఆపుతారు, రంగు మాత్రం ముట్టుకోరు. మొదట్లో నాకది బద్ధకం అనిపించింది. సగం సగం రంగులతో ఆ బండ్లు అందంగా ఉండవు, ఫొటోకి పనికిరావు. కానీ పాత కోడ్‌లో అర్థంకాని లైను కనబడితే తీసిపారేసి, మర్నాడు సిస్టమ్ కూలిపోయాక అది ఎందుకుందో తెలుసుకున్న అనుభవం నాకు చాలాసార్లు అయింది. ఆ లైను ఎవరో ఒకరి కష్టానికి గుర్తు.

అందుకే నా ఓటు రెండో బడికే. ఇంజన్లు రెండూ నడవాలి, పెంకు మీద పొరలన్నీ కనబడాలి. చూడటానికి వచ్చిన పిల్లలు ఇన్ని రంగులేమిటని అడుగుతారు. అడగనివ్వండి. జవాబు చెప్పడానికి కాస్త టైం పడుతుంది, అంతే.