ముసలవ్వ పేరేంది?

మా రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్ ఉంది. అక్కడ సర్వాయి పాపన్న కోట ఉంది. పిల్లల్ని ఆ కోట చూపించడానికి తీసుకుపోతే వాళ్ళు అడిగేవి కత్తి గురించి, గుర్రం గురించి, చివరికి పాపన్నను ఎట్ల పట్టుకున్నరు అని. పాపన్న వయసు ఎంత అని అడిగిన పిల్లను మేము ఇప్పటివరకు చూడలేదు. జనం చెప్పుకునే లెక్కలో ఆయన పుట్టింది 1650. మొగలుల చేతికి చిక్కి ప్రాణం పోయింది 1710 ప్రాంతంలో. అంటే అరవై ఏళ్ళ మనిషి. ఇప్పటి లెక్కలో సర్కారు నౌకరీ నుంచి రిటైరయ్యే వయసుకు దగ్గర. కానీ ఏ బొమ్మ చూసినా నల్లటి జుట్టు, మెలి తిరిగిన మీసం, విరిసిన ఛాతీ. అరవై ఏళ్ళ వీరుడిని బొమ్మ గీసేవాళ్ళు ముప్పై ఏళ్ళ దగ్గర ఆపేశారు. కథలో పెద్దవయసు మిగిలింది తల్లి సర్వమ్మకే. ఆమె చేసే పని, కొడుకా కులవృత్తి చూసుకో అని మొదట్లో అడ్డం చెప్పడం.

ఈ చిన్న సంగతి పట్టుకుని మేము కొంతకాలంగా మనం చదివిన, బడిలో చెప్పిన పుస్తకాలను మళ్ళీ తిరగేస్తున్నాం. సాహిత్యం ముసలివాళ్ళను ఎట్లా చూపింది? అందులో అడవి బిడ్డల ముసలితనం ఎక్కడ ఉంది? మేము కోయ ఇంట్లో పుట్టి, బతుకుదెరువుకు మైదానం బడికి వచ్చినవాళ్ళం. అందుకే రెండు వైపులా చూడక తప్పదు.

ముందు పెద్ద గ్రంథాలు. ముసలితనం గురించి మన భాషలో పాత కథ యయాతిది. నన్నయ భారతం ఆదిపర్వంలో ఉంది. మన బమ్మెర పోతన భాగవతం తొమ్మిదో స్కంధంలో కూడా ఉంది. శుక్రాచార్యుడు కోపమొచ్చి యయాతి రాజును ముసలివాడివి కమ్మని శపిస్తాడు. ఎవరైనా ఒప్పుకుంటే ఆ ముసలితనాన్ని వాళ్ళకు మార్చుకోవచ్చు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు ఒప్పుకోరు. చిన్నవాడు పూరుడు ఒప్పుకుంటాడు. తండ్రి కొడుకు యవ్వనం తొడుక్కుని భోగాలు అనుభవించి, ఎంత అనుభవించినా కోరిక తీరదని తెలుసుకుని, చివరికి తిరిగి ఇచ్చేస్తాడు. బాగానే ఉంది. కానీ ఈ కథలో ముసలితనం అంటే శాపం. ఒకరి నెత్తి మీద నుంచి ఇంకొకరి నెత్తి మీదికి దించే మోపు. తండ్రి ముసలితనం మోసిన ఆ పిల్లవాడు అన్నేళ్ళు ఎట్లా లేచాడు, ఎట్లా కూర్చున్నాడు, పక్కవాళ్ళు ఏమని పిలిచారు? కథకు ఆ ఊసే పట్టదు. రాజు నేర్చుకున్న పాఠమే కథ.

ఇక శబరి. ఈమె దగ్గర మనం కొంచెంసేపు కూర్చోవాలి. ఎందుకంటే మన దేశం గొప్ప కావ్యాల్లో ముసలి ఆదివాసీ ఆడమనిషి ఎవరంటే, ముందు గుర్తొచ్చేది ఈమే. వాల్మీకి రామాయణం అరణ్యకాండ చివర్లో వస్తుంది. పంపా దగ్గర మతంగ ముని ఆశ్రమం. అక్కడి మునులు అందరూ వెళ్ళిపోయారు. రాముడు వస్తాడు, వచ్చేదాకా ఉండమని చెప్పి పోయారు. ఆమె ఉంది. అడవిలో దొరికేవి ఏరి పెట్టింది. రాముడు వచ్చాడు, ఆశ్రమం అంతా చూపించింది, ఆయన సెలవు తీసుకుని అగ్నిలో ప్రవేశించింది. పండు కొరికి రుచి చూసి పెట్టిన కథ మూలంలో లేదు, అది తర్వాతి భక్తులు కలిపింది. మన పిల్లలకు తెలిసింది మాత్రం ఆ కొరికిన పండే.

మాకు ఇందులో కష్టం కలిగించేది వేరే. శబరి అనేది పేరు కాదు. శబర జాతి ఆడమనిషి అని అర్థం. ఆ శబరులే ఇవాళ శ్రీకాకుళం, మన్యం కొండల్లో ఉన్న సవరలని పండితులు చెబుతారు. గిడుగు రామమూర్తి గారు ఊళ్ళు తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు కూడా. రామాయణంలో మునికి పేరుంది. మతంగుడు. రాక్షసుడికి పేరుంది. కబంధుడు. ఏళ్ళ తరబడి ఆ ఆశ్రమాన్ని ఊడ్చి, కాపాడిన ముసలమ్మకు జాతి పేరే ఒంటి పేరు అయింది. ఇవాళ మనల్ని ఆఫీసులో "ఆ కోయామె వచ్చింది", "ఆ ఎరుకలాయన వచ్చిండు" అన్నట్టే. ఇంకొకటి. ఆమె అన్నేళ్ళు బతికింది ఒక మనిషి రాక కోసం. ఆ మనిషి వచ్చి వెళ్ళగానే ఆమె బతకవలసిన పని అయిపోయింది. అడవిలో ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ నీళ్ళు తాగొచ్చో తెలిసిన మనిషి. ఆమె తర్వాత అవి ఎవరికి చెప్పింది? ఆ ఆశ్రమంలో ఇంకో పిల్ల ఉందా? కవి అడగలేదు. భక్తిని తక్కువ చేయడానికి మేము ఈ మాట అనడం లేదు. భక్తులు చూసేది భక్తులు చూస్తారు, మనం చూసేది మనం చూడాలి.

పేరు లేని ఈ వరస తర్వాత కూడా సాగింది. మన పాలకుర్తి కవి పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలో, సంస్కృత వృత్తాలు పక్కన పెట్టి ద్విపదలో, బసవపురాణం రాశాడు. అందులో పిట్టవ్వ కథ ఉంది. పిట్టు వండి అమ్ముకునే ముసలవ్వ. రాజు ఏటికి కట్ట వేయిస్తూ ఇంటికింత పని అని వంతు వేస్తాడు. ముసలామె వంతు పని చేయడానికి శివుడే కూలివాడిగా దిగి వస్తాడు. కూలి ఏమిటంటే పిట్టు. రాజు ముసలవ్వలను కూడా వదలకుండా పనికి పిలిచాడన్న సంగతిని ఆ కవి దాచలేదు. రాజుకు ఎదురు నిలిచింది ఆమె వయసు కాదు, ఆమె వంట. ఇది మాకు చాలా ఇష్టమైన కథ. అయినా చూడండి, ఆమె పేరు కూడా అమ్ముకునే సరుకు పేరే.

అదే పాలకుర్తిలో ఆరేడు వందల ఏళ్ళకు ఇంకో ఆడమనిషి వెట్టికి ఎదురు తిరిగింది. చిట్యాల ఐలమ్మ. ఆమె 1895లో పుట్టింది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆమె పంట ఎత్తుకుపోవడానికి వచ్చిన నాటికి వయసు యాభై దాటబోతోంది. ఆ కాలంలో యాభై అంటే మనవలను ఎత్తుకునే వయసు. సంఘం వాళ్ళు వెంట నిలిచారు, పంట ఇంటికే చేరింది. ఇది అందరికీ తెలిసిన చరిత్రే. ఐలమ్మ విషయంలో పాపన్నకు జరిగినదానికి తలకిందులుగా జరిగింది. మనం పుస్తకాల్లో, ఫ్లెక్సీల మీద చూసే ఆమె మొఖం ముడతలు పడిన ముసలి మొఖం. దాని కింద రాసే కథ మాత్రం 1940ల నాటిది. సాయుధ పోరాటం విరమించింది 1951లో. ఆమె కన్ను మూసింది 1985 సెప్టెంబరు 10న. మధ్యలో 34 ఏళ్ళు. ఆ 34 ఏళ్ళ మొఖాన్నే మనం ఫోటోలో చూస్తున్నాం, కానీ ఆ 34 ఏళ్ళు ఆమె ఏం చేసింది, ఎవరితో మాట్లాడింది, సంఘం పోయిన ఊళ్ళో ఎట్లా బతికింది అన్నది మేము చదివిన పాఠాల్లో ఒక్క వాక్యంగా కూడా రాదు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచిదే. అక్కడ చదివే ఆడపిల్లల్లో ఒక్కరైనా ఆ 34 ఏళ్ళ మీద పరిశోధన చేస్తే బాగుండును.

పోరాట సాహిత్యానికి పడుచు చావు అంటే ప్రీతి. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు కూలిన దొడ్డి కొమురయ్య పడుచువాడు. 1940లో జోడేఘాట్‌లో ఒరిగిన కొమురం భీముకు నలభై ఏళ్ళ లోపో, నలభయ్యో. వాళ్ళ మీద పాటలు, నవలలు వచ్చాయి. రావలసిందే. కానీ వాళ్ళతో నడిచి, బతికి బయటపడి, ముసలివాళ్ళయిన మనుషులు ఎందరో ఉన్నారు. ఆ పాటలకు మాటలు ఇచ్చింది వాళ్ళ జ్ఞాపకమే. పాటలోకి మాత్రం వాళ్ళు రాలేదు.

బడి పుస్తకాల సంగతి తొందరగా చెప్పుకుందాం, మనం రోజూ చూసేదే. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. అందులో బంగారు కడియం చూపి బాటసారిని మింగిన పులి ముసలిదే. ఒంట్లో బలం పోయాక మోసం నేర్చుకుందన్నమాట. గురజాడ కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు ముసలివాడు, పిసినారి, చిన్నపిల్లను కొనుక్కుని పెళ్ళాడాలనుకున్నవాడు. 1892లో నాటకం ఆడినప్పుడు అది అవసరమైన దెబ్బ, కాదనం. మన జానపద కథల్లో పేదరాశి పెద్దమ్మ వీళ్ళందరికంటే మంచిది. రాజకుమారుడు ఏ ఊరు పోయినా చివర్న ఆమె గుడిసె ఉంటుంది. అన్నం పెడుతుంది, కోటలోకి దారి చెబుతుంది. కథ అయిపోయేసరికి రాజకుమారుడికి రాజ్యం వస్తుంది, పెద్దమ్మ గుడిసె గుడిసెలాగే ఉంటుంది. ఆమెకూ పేరు లేదు. పేదరాశి ఆమె స్థితి, పెద్దమ్మ మనం పిలిచే వరస.

ముసలి మనిషిని లోపలి నుంచి చూపిన పుస్తకం ఒకటి మాకు తెలుసు. డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన మనిషి ఆయన. పందులు కాసుకునే ఒక ముసలివాడు ఈనబోయే పంది తప్పిపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక రాత్రి కథ. హెమింగ్వే నవలలో సముద్రం మీది ముసలివాడితో దీన్ని పోలుస్తుంటారు. మాకు ఆ పోలిక అంత ముఖ్యం కాదు. ఈ ముసలివాడి కాళ్ళు బలహీనమే గానీ అతని ఆలోచన బలహీనం కాదు. అడుగుజాడ ఎప్పటిదో, గాలి ఎటు వీస్తోందో, అడవి జంతువు ఏం చేయబోతోందో లెక్క వేసుకుంటూ పోతాడు. ఆ లెక్కే నవల. మా తాతలు ఇప్పపువ్వు ఏరడానికి పోతున్నప్పుడు నోరు విప్పకుండా చేసే లెక్క అదే. ముసలితనం అంటే తగ్గిపోవడం ఒక్కటే కాదు, పోగుపడటం కూడా అని చెప్పకుండానే చూపించిన పుస్తకం. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తప్పక చదవండి. అయితే ఇందులో కూడా నాయకుడు 'అతడు' మాత్రమే.

మన గూడేల్లో వయసు లెక్క వేరు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. రజాకార్ల కాలంలో పాలు తాగే పిల్ల, గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు పెళ్ళి అయింది. ఇట్లా చెబుతారు. ఆ వరద 1986 ఆగస్టులో వచ్చింది. భద్రాచలం దగ్గర నీళ్ళు 75 అడుగులు దాటాయి. మనిషి వయసును ఊరి చరిత్రతో కట్టి చెప్పడం ఇది. ఆధార్ కార్డులకు ఇది పనికిరాలేదు. అందుకే మన ముసలివాళ్ళలో చాలామంది కాగితం మీద జనవరి 1న పుట్టారు. 2014లో ఆసరా పింఛను వచ్చినప్పుడు 65 ఏళ్ళు నిండాలన్నారు, 2021లో దాన్ని 57కు తగ్గించారు. కార్డులో ఏడు తప్పు పడి, నడుము వంగినా వయసు రాని మనుషులు ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్ళ వెంట మండల ఆఫీసుకు పోయిన తోటి టీచర్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సాహిత్యం పేరు రాయలేదు, కాగితం వయసు సరిగ్గా రాయలేదు.

మౌఖిక సాహిత్యం మనది కాబట్టి అందులో అంతా సవ్యంగా ఉందని కూడా అనలేం. సమ్మక్క కథలో పసిబిడ్డను అడవిలో చూసి ఇంటికి తెచ్చుకున్నది వేటకు పోయిన కోయ పెద్దలు. ఆ పెద్దలు లేకపోతే కథే లేదు. కానీ మేడారం జాతరకు పోయే లక్షల మందిలో వాళ్ళ పేర్లు అడిగేవాళ్ళు ఎందరు? అచ్చు పుస్తకాలు సమ్మక్క దొరికిన దగ్గర నుంచి యుద్ధానికి ఒక్క దూకు దూకుతాయి. కోయ డోలీలు మాత్రం అట్లా దూకరు. వాళ్ళు వంశం పేర్లు, ఇంటి పేర్లు, ఎవరి తర్వాత ఎవరు అన్న వరస వదలకుండా రాత్రంతా పాడతారు. వినేవాళ్ళకు విసుగు పుట్టించే భాగం అదే. చరిత్ర ఉన్నదీ అక్కడే.

ఆ పాట ముసలి గొంతుల్లోనే బతుకుతూ వచ్చింది. ఆదిలాబాద్ గోండుల పురాణ కథలను 1940లలో హైమెండార్ఫ్ రాసుకున్నది కూడా ప్రధాన్ల నోటి నుంచే. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల కోసం శిక్షణ కేంద్రం పెట్టారు. టీచర్ ట్రైనింగ్ చదివిన మనందరికీ అది పుట్టిల్లు లాంటిది. ఆ మార్లవాయి మనిషే గుస్సాడీ కనకరాజు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో పోయాడు. మణుగూరు మండలం కూనవరం మనిషి సకిని రామచంద్రయ్య డోలి కొడుతూ కోయ భాషలోనూ తెలుగులోనూ సమ్మక్క కథ, మన వీరుల కథలు పాడినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024లోనే పోయాడు. ఒక్క ఏడాదిలో ఇద్దరు.

మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఈ ఏడు ఒక పని ఇస్తున్నాం. మీ బాపమ్మ పేరేంది, ఆమె అమ్మ పేరేంది, రాసుకుని రండి అని. మొదటి రోజు సగం మంది "బాపమ్మ" అనే రాసుకొచ్చారు. రెండో రోజు ఇంట్లో అడిగి పేరు తెచ్చారు. మూడో తరం పేరు తెచ్చినవాళ్ళు కొద్దిమందే. ఒక పిల్ల అయితే, ఆ పేరు బాపమ్మకు కూడా గుర్తు లేదట సార్, తెలిసిన ముసలాయన అవతలి గూడెంలో ఉన్నడట, ఆదివారం పోయి అడుగుతం అన్నది.

డోలీల దగ్గర పడిగె అని బొమ్మల గుడ్డ ఉంటుంది. దాన్ని ఎత్తి నిలిపి, బొమ్మ చూపిస్తూ పాడతారు. గుడ్డ మీద వరసగా మనుషులు ఉంటారు, వాళ్ళలో ఎవరు ఎవరో పాడేవాడికి తెలుసు. పాడేవాడు పోయిన ఇంట్లో ఆ గుడ్డ మడత పెట్టి, దూలానికి కట్టి ఉంటుంది.