రేజా చేతికి స్టీరింగు వచ్చేదాకా

1912 ఫిబ్రవరి 16న సాక్చిలో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, టాటాల కార్ఖానాలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. అప్పట్లో కొలిమి దగ్గర హుకుం ఇచ్చేవాళ్లు అమెరికన్లు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్లు. మోత పని, తోపుడు పని చుట్టుపక్కల హో, సంథాల్ పల్లెల జనానిది. తర్వాత బెంగాల్-నాగపూర్ రైలు పట్టుకుని మన ఉత్తర కోస్తావాళ్లూ వచ్చి చేరారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని ఈ ఊరివాళ్లే అయిపోయారు.

టాటా స్టీల్ చరిత్ర చెప్పేటప్పుడు మనమంతా కొన్ని సంవత్సరాలు అప్పజెబుతాం. ఎనిమిది గంటల పనిదినం 1912లో వచ్చింది. జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ 1920లో వచ్చాయి. ప్రసూతి భత్యం 1928లో వచ్చింది. దేశానికి ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952లో, ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో గానీ రాలేదు. గర్వపడాల్సిందే. కానీ 1920లోనే ఇక్కడ తొలి పెద్ద సమ్మె జరిగిందనీ, లేబర్ అసోసియేషన్ పుట్టిందనీ, 1928 సమ్మెలో సుభాష్ చంద్రబోస్ వచ్చి కార్మికుల పక్షాన నిలబడ్డారనీ పక్కనే రాసుకోవాలి. యాజమాన్యం మంచితనానికి కార్మికుల పట్టుదల తోడైతేనే ఇవన్నీ చేతికందాయి.

నా మటుకు నాకు వీటన్నిటికంటే పెద్ద పని 1921లో జరిగింది. ఆ ఏడు జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ఇప్పుడు మనం ఎస్‌ఎన్‌టీఐ అంటున్న శావక్ నానావతి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అదే. విదేశాల నుంచి ఒప్పందం మీద వచ్చినవాళ్లను కవనెంటెడ్ హ్యాండ్స్ అనేవారు. వాళ్ల జీతాలు వేరు, బంగళాలు వేరు. భారతీయుడికి పని తెలియదన్నంత కాలం ఆ తేడాకు అదొక సాకు. తరగతిలో పాఠం, మిల్లులో పని కలిపి నేర్పిన ఆ బడి వల్ల ఆ సాకు క్రమంగా చెల్లకుండా పోయింది. 1938లో జహంగీర్ గాంధీ తొలి భారతీయ జనరల్ మేనేజర్ అయ్యారు. ఆయన అమెరికాలో చదువుకున్నవారే అయినా, ఆయన కింద విభాగాలు నడపడానికి దేశీయులు సిద్ధంగా ఉండటంలో ఈ బడి పాత్ర ఉంది.

రంగు గీత చెరిగింది. ఆడవాళ్ల విషయంలో మాత్రం ఆ బడి తలుపు చాలా కాలం తెరుచుకోలేదు. రేజాలు, అంటే కూలి ఆడవాళ్లు, ఈ కార్ఖానాకు కొత్తవాళ్లేం కాదు. ఖనిజం, ఇటుక, బొగ్గు తట్టలతో మోసింది వాళ్లే. అయినా చేరిన రోజూ తట్టే, రిటైరైన రోజూ తట్టే. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే పద్ధతి వల్ల మన కదమా, సోనారీ క్వార్టర్లలో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, కాదనను. కానీ ఆ పద్ధతి కూతుళ్లను చాలా కాలం గేటు లోపలికి పిలవలేదు.

2000 తర్వాత తేజస్విని కార్యక్రమం వచ్చింది. నడివయసు రేజాలు చీర వదిలి ప్యాంటు, షర్టు, హెల్మెట్ వేసుకున్నారు. ట్రాక్టరు, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్చుకున్నారు. క్లచ్ మీద కాలు పెట్టడానికే జంకినవాళ్లు లోకో ఇంజిన్ల దాకా వెళ్లారు. ఇంట్లోవాళ్లను ఒప్పించడం యంత్రం నేర్వడంకంటే కష్టమైన పని.

గనుల్లో రాత్రిపూట స్త్రీలు పనిచేయకూడదని 1952 నాటి గనుల చట్టం అడ్డుపడేది. 2019లో కేంద్రం సడలింపు ఇచ్చింది. ఆ సెప్టెంబరులోనే కంపెనీకి చెందిన నోవాముండి ఇనుప గనిలో ఆడవాళ్లు మూడు షిఫ్టుల్లోనూ దిగారు. 2021లో వెస్ట్ బొకారో బొగ్గు గనిలో భారీ యంత్రాలు నడిపే శిక్షణకు ట్రాన్స్‌జెండర్లను తీసుకున్నారు. 2025 నాటికి సిబ్బందిలో పాతిక శాతం ఇలాంటి భిన్న వర్గాలవాళ్లు ఉండాలని కంపెనీ లక్ష్యం పెట్టుకుంది.

ఉద్యోగాలు దొరకడమే కాదు, పోవడమూ ఈ చరిత్రలో ఉంది. 2007లో కోరస్ ఉక్కు కంపెనీని కొన్నాక ఈ సంస్థ బ్రిటన్, నెదర్లాండ్స్ దాకా విస్తరించింది. 2024లో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ కొలిములు ఆరిపోయినప్పుడు అక్కడి కుటుంబాలు పడ్డ బాధ మనకు పరాయిది కాదు. 90ల్లో స్వచ్ఛంద విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టిన ఇళ్లు మన వీధుల్లోనూ ఉన్నాయి.

అలా పర్మనెంటు ఉద్యోగాలు తగ్గాక, ఇప్పుడు బరువు పనిలో చాలా భాగం కాంట్రాక్టు కూలీలది. పర్మనెంటు రేజాకు దొరికిన శిక్షణ కాంట్రాక్టు రేజాకూ దొరకాలి. ఈ మాట యూనియన్ వచ్చే చర్చల్లోనే బల్ల మీద పెట్టాలి.