పక్షవాతం, లక్వా

జహీరాబాద్‌లో ఈ జబ్బుకు రెండు పేర్లు వినిపిస్తాయి. తెలుగిళ్లలో పక్షవాతం, దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లలో లక్వా. పక్షం అంటే ఒక పక్క. వాతం ఆయుర్వేదం చెప్పే వాయువు. లక్వా అరబ్బీ మాట, యునానీ వైద్యంతో వచ్చింది. ఆ వైద్యంలో లక్వా అంటే మూతి వంకర పోవడమే. ఒళ్లు ఒక పక్క చచ్చుబడితే ఫాలిజ్. వాడుకలో ఆ తేడా చెరిగిపోయి రెండూ లక్వా అయ్యాయి.

నర్సుకు మాత్రం ఆ తేడా ఇప్పటికీ కావాలి. మూతి వంకరతో వచ్చినవారిని కనుబొమలు పైకెత్తమంటుంది. నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడి, మూతి మాత్రమే జారితే అనుమానం మెదడు మీదికి పోతుంది. వెంటనే రక్తంలో చక్కెర చూస్తుంది, బీపీ చూస్తుంది. మింగగలరో లేదో తేలేదాకా గుక్కెడు నీళ్లు కూడా పట్టనివ్వదు. అన్నిటికంటే ముఖ్యం, మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో అడగడం. సీటీలో రక్తస్రావం లేదని తేలితే, మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఆ టైము నుంచి 4.5 గంటల్లోపే ఇవ్వాలి. వాతమనగానే నూనె మర్దనకు, పావురం రక్తానికి పరుగెత్తే ఇళ్లలో పోయేది ఆ గంటలే. 108కి ఫోన్ చేసినప్పుడు ఏ పేరు చెప్పినా సరే, టైము మాత్రం తప్పక చెప్పండి.